లోహసంధియందు వాయురక్షణము

ఆయువంతయు బాలురకు సంధులు చెప్పి జీవించిన మేము లోహసంధినిగూర్చి వ్రాయఁబూనుట కొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. కారణము గలదు. మా పామూరిలో మనకులపు పనివాఁడొకఁడు స్టెయిన్‌లెస్ ఉక్కుతోఁ జేసియిచ్చిన నీళ్లతొట్టి యాఱునెలలలో నతుకు వెంటఁ ద్రుప్పుపట్టెను. రేకు కల్తీదని లోకులనిరి. అతనిమాట నమ్మినవారు లేరు. రేకు మంచిదే. దోషము గాలిది.

కాఁగిన లోహమునకు గాలి శత్రువని మన పెద్దలెఱుఁగుదురు. కంసాలి టంకము వేయునపుడు వెలిగారము పూయును. అది కరఁగి మాలిన్యమును గరఁగించి, యతుకును గప్పి, గాలి సోఁకనీయదు. రసశాస్త్రమున మూసకును మూఁతకును నడిమి సందును మెత్తుటకు సంధిబంధనమని పేరు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలను మట్టితో మూసి యుక్కు తీసెడివారు. దానిని గొనుటకుఁ బారసీక వర్తకులు వచ్చెడివారు. వాయిసీ దొర వ్రాసిన యాపని వర్ణనము 1832లో ముద్రితమయ్యెను.

1913లో షెఫీల్డున హారీ బ్రేర్లీ త్రుప్పుపట్టని యుక్కును వెలయించెను. ఇట్టి యుక్కులో నూటికిఁ బదిన్నరపాళ్లకుఁ దక్కువగాక క్రోమియముండును. దానివలనఁ బుట్టు కంటికగపడని పొరయే దానికిఁ గవచము. వెల్డింగు వేఁడిమిలో గాలి తగిలెనా, క్రోమియము ప్రాణవాయువుతోఁ గలసి నీలిరంగుపొరయగును; దాని క్రింది లోహము క్రోమియము తగ్గి బలహీనమగును. త్రుప్పు మొదలగునది యచ్చటనే.

1894లో రాలే, రామ్సే పండితులు గాలిలో నార్గాన్ వాయువును గనుఁగొనిరి. ఆ గ్రీకుపేరునకు సోమరియని యర్థము. దేనితోను గలియదు గనుక నీపనికి సోమరితనమే గుణమయ్యెను! 1941లో అమెరికాలోని నార్త్రప్ విమానశాలలో రస్సెల్ మెరిడిత్ హీలియము కాపుదలలో టంగ్‌స్టన్ కడ్డీతో నతుకు వేసెను. పిదప నాస్థానము చాలవఱకు నార్గానునకు దక్కెను.

వాయువు మాఱిన నతుకు గుణము మాఱును. డ్యూప్లెక్స్ ఉక్కునకు నూటికి రెండుమూఁడుపాళ్లు నత్రజని చేర్చుదురు. లేకున్న నతుకులోని నత్రజని తగ్గి, త్రుప్పు నోర్చుశక్తి క్షీణించును. మామూలు ఇనుమునకుఁ జాలిన బొగ్గుపులుసు వాయువునే చవుకయని దీనికి వాడినచో, నుక్కులోఁ గర్బనము చేరి క్రోమియమును బట్టుకొనును. వాయువు మిక్కిలి వడిగా విడుచుటయు మేలుగాదు. సుడిరేఁగి వెలిగాలిని లోనికీడ్చును.

మా పనివాఁడు పైవైపున నార్గానునే వాడెను. లోపలివైపు కాపుదల లేక యతుకు మాడిన పంచదారవలె గరుకెక్కెను. అతఁ డాయతుకును గోసి, లోపలను నార్గాను నింపి, తన ఖర్చుతో మరల వేసెను. కొన్నవారు తొట్టిని దిరిగి తీసికొనరైరి. అది మా పెరటనున్నది. రెండు వానకాలములు గడచినవి, మరక లేదు.