హోప్ ఐలాండ్: పటానికి అందని ఎత్తులు



గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట మన యానాం ఉంది. ఆ పాయ వెంట వెళ్తే మడ అడవి, అది దాటితే కాకినాడ అఖాతం. దానికి అడ్డుగోడలా సాగిన ఇసుక దీవే హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసి పేర్చిన మేట ఇది. వయసు రెండు వందల ఏళ్లకు కాస్త అటూ ఇటూ అంటారు.

ఈ తీరం ఉప్పెనలు ఎరిగినది. 1789లో, మళ్లీ 1839లో కోరంగి రేవు మునిగింది. 1848లో ‘సైక్లోన్’ అనే మాటను వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ రాసిన తుఫానుల్లో 1789 నాటి కోరంగి తుఫాను కూడా ఉంది. నేడు ఉప్పెన వస్తే కాకినాడకు ముందుగా అడ్డు నిలిచేది ఈ దీవే.

అలాంటి దీవిని పటం ఎలా చూపిస్తుంది? 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే దేశమంతటి కొలతలకు పునాది వేసింది. నేడు వాడే 1:50,000 సర్వే పటంలో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఎత్తు గీతలు సాధారణంగా 10 లేదా 20 మీటర్లకు ఒకటి. దీవి ఎత్తు కొద్ది మీటర్లే కనుక దాని మీద ఒక్క గీతా పడదు. కానీ ఉప్పెన నాడు ఒక్క మీటరు దిబ్బే ప్రాణం నిలుపుతుంది. గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకూ అంతే, పోటు నీరు అందని ఇసుక కావాలి.

పటంలోని తీరరేఖ కూడా సర్వే జరిగిన ఏటిదే. ఎగువన జలాశయాలు కట్టాక ఒండ్రు తగ్గి, డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. 1978లో కోరంగి అభయారణ్యమైంది. అడవిని నరకవద్దని చట్టం చెప్పగలదు, ఇసుకను కదలవద్దని చెప్పలేదు.

ఉపగ్రహాలు, విమానం నుంచి వేసే లేజర్లు ఇప్పుడు ఎత్తులను బాగానే కొలుస్తున్నాయి. ఏ పాయలో ఏ పోటుకు నావ నడుస్తుందో, గాలి లేస్తే ఏ దిబ్బ చాటుకు చేరాలో మాత్రం మన మత్స్యకార పెద్దల నోటనే ఉంది. అందుకే మా విన్నపం ఒకటే. మీ ఇంటి తాతయ్యల ముందు పటం పరచండి. వారు చెప్పే పాయల పేర్లు, దారులు, దిబ్బలు, ఏ ఏటి మాటో సహా రాసి సంఘానికి అందించండి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని పూర్తి చేద్దాం.