దివ్యదృష్టికి లాగ్ ఉందా?

ఎక్కడో కూర్చుని ఇంకెక్కడో ఉన్న వస్తువును కదిలించడం అనగానే మనవాళ్ళకు యోగులు, సిద్ధులు గుర్తుకొస్తారు. నాకు మాత్రం నా ఉద్యోగం గుర్తుకొస్తుంది. నేను యానాం వాణ్ణి. మా యానాం గోదావరి ఒడ్డున ఉంది, మమ్మల్ని పాలించే రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కాబట్టి దూరం నుంచి పని నడిపించడమంటే ఏమిటో మాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పుదుచ్చేరి పట్టణంలో కూర్చుని, వేరే ఊళ్ళలో ఉన్న ఆఫీసుల కంప్యూటర్లను రిమోట్ యాక్సెస్ ద్వారా చూసుకోవడం నా పని. ఈ పనికీ మహిమలకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే చరిత్రలోంచే జవాబు చెప్పవచ్చు. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

1940తో మొదలుపెడదాం. ఆ ఏడాది మే నెలాఖరు, జూన్ మొదటి రోజుల్లో డంకర్క్ తీరం నుంచి సుమారు 3 లక్షల 38 వేల మంది మిత్రరాజ్యాల సైనికులు తప్పించుకుని ఇంగ్లండు చేరారు. 1910 నుంచి పుదుచ్చేరిలో ఉంటున్న అరవిందులు, డంకర్క్ సమయం నుంచీ తమ ఆధ్యాత్మిక శక్తిని మిత్రరాజ్యాల పక్షాన ప్రయోగించామని చెప్పుకున్నారు. ఇది భక్తులు అల్లిన కథ కాదు, ఆయన రాతల్లోనే ఉంది. ఆయన పాండిత్యాన్ని గానీ, స్వాతంత్ర్యోద్యమంలో ఆయన పాత్రను గానీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేనడిగేది ఒక్కటే: ఆ శక్తి పనిచేసిందని ఎలా తెలుసుకోవాలి? పనిచేయకపోయి ఉంటే ఆ సంగతి ఎలా తెలిసేది?

అదే ఏడాది సెప్టెంబర్ 11న అమెరికాలోని హానోవర్ అనే చిన్న ఊళ్ళో, డార్ట్‌మత్ కాలేజీలో గణిత శాస్త్రజ్ఞుల సమావేశం జరిగింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ అక్కడ ఒక టెలిప్రింటర్ పెట్టాడు. లెక్క చేసే యంత్రం మాత్రం న్యూయార్క్‌లో, సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. హానోవర్‌లో లెక్క టైపు చేస్తే అది తీగ మీద న్యూయార్క్ వెళ్ళి, అక్కడి రిలేలు టకటకా పనిచేసి, జవాబు తిరిగి వచ్చి అచ్చయ్యేది. దూరం నుంచి కంప్యూటర్‌ను వాడిన తొలి సందర్భంగా దీన్నే చెబుతారు.

అయితే స్టిబిట్జ్ ఇది నా శక్తి, నమ్మండి అని చెప్పి ఊరుకోలేదు. సభకు వచ్చినవాళ్ళను స్వయంగా టైపు చేసి చూసుకోమన్నాడు. నార్బర్ట్ వీనర్, తర్వాత ఎనియాక్ నిర్మాణంలో పాలుపంచుకున్న జాన్ మాక్లీ వంటివాళ్ళు ఆ సభలో ఉన్నారు. వచ్చిన జవాబు తప్పయితే కాగితం మీద లెక్క చేసి పట్టుకోవచ్చు. తీగ తెగితే జవాబే రాదు. గురువు మీద నమ్మకం ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే జవాబు వస్తుంది. ఒకే ఏడాదిలో వినిపించిన ఈ రెండు మాటల మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది.

అలాగని విజ్ఞానం దగ్గర మోసానికి చోటు లేదనుకుంటే పొరపాటే. కంప్యూటర్లు పెరిగాక కొత్త ప్రశ్న వచ్చింది: అవతల ఉన్నది ఎవరు? 1969 నుంచి రూపుదిద్దుకున్న టెల్‌నెట్ పద్ధతిలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా, పోస్టుకార్డు మీద రాసినట్టు తీగ మీద పోయేది. మధ్యలో పొంచి ఉన్నవాడు చదువుకోవచ్చు. ఫిన్లాండులో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించబడ్డాక, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి తయారుచేశాడు. ఇందులో ముందు అవతలి యంత్రం తానెవరో తాళంచెవితో రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే మనం మనమని రుజువు చేసుకోవాలి. మాటలన్నీ సంకేతలిపిలో సాగుతాయి. ఎవరు, ఎప్పుడు లోపలికి వచ్చారో లాగ్‌లో నమోదవుతుంది. "నేను ఫలానా" అంటే సరిపోదు, రుజువు చూపించాలి. హేతువాదులు బాబాలను అడిగేది కూడా ఇదే కదా!

ఇక పుదుచ్చేరికే వద్దాం. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఈ ప్రాంతపు పల్లెల్లో సమాచార కేంద్రాలు మొదలుపెట్టింది. పట్టణానికి దగ్గర్లోని విల్లియనూర్ వాటికి కేంద్రస్థానం. ఆ రోజుల్లో పల్లెల్లో ఫోన్ లైన్లను నమ్ముకునే పరిస్థితి లేదు. అందుకని విల్లియనూర్ నుంచి ఊళ్ళకు వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ ద్వారా మాటలు, సమాచారం పంపారు. కరెంటు పోతే ఆదుకోవడానికి సోలార్ పలకలు పెట్టారు. పంటల ధరలు, ప్రభుత్వ పథకాలు, వైద్య సమాచారం తమిళంలో అందేవి. చాలాచోట్ల కేంద్రాలను నడిపింది ఆ ఊరి ఆడవాళ్ళే.

ఎంబళం అనే ఊళ్ళో ఈ కేంద్రం గుడి స్థలంలోనే ఉండేది. 2000లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ ఊరి గురించి రాసింది. ఆ గుడికి రెండు ద్వారాలు. ఒకటి దేవుడి దగ్గరికి. దళితులకు, బహిష్టులో ఉన్న స్త్రీలకు అందులో ప్రవేశం లేదు. రెండోది కంప్యూటర్ దగ్గరికి. అందులోకి ఎవరైనా వెళ్ళవచ్చు, ఎందుకంటే అందరికీ ప్రవేశం ఉండాలన్నది కేంద్రం పెట్టడానికి సంస్థ ముందే విధించిన షరతు. యంత్రానికి కులం తెలియదని మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ ఆ గది తలుపు తెరిచింది యంత్రం కాదు, మనుషులు పెట్టిన నియమం. ఆ నియమం లేకపోతే ఆ కంప్యూటర్‌నూ గర్భగుడిలో పెట్టి ఉండేవారు.

పట్టణాన్ని ఆనుకుని ఉన్న వీరంపట్టినం మత్స్యకారుల ఊరు. బంగాళాఖాతంలో అలల ఎత్తు ఎంత ఉంటుందో అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ నుంచి తీసి, అక్కడ మైకులో చదివేవారు. ఆ అంచనా నిజమో కాదో పడవెక్కినవాడికి ఆ రోజే తెలిసిపోతుంది. అలా రోజూ పరీక్షకు నిలబడితేనే ఏ మాటకైనా విలువ.

2004 డిసెంబర్ 26 ఉదయం నల్లవాడు అనే మరో మత్స్యకారుల ఊరికి సింగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పనిచేస్తున్న ఆ ఊరి యువకుడు సునామీ వార్త తెలిసి ఇంటికి ఫోన్ చేశాడు. ఆ మాట సమాచార కేంద్రం మైకులో ఊరంతా వినిపించారు. జనం పరుగెత్తి బతికారు. పడవలూ ఇళ్ళూ పోయాయి. సుమత్రా దగ్గర భూకంపానికీ మన తీరాన్ని అల తాకడానికీ మధ్య రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో చాలా ఊళ్ళకు ఏ కబురూ అందలేదు. నల్లవాడును కంప్యూటర్ కాపాడిందని నేననను. ఒక ఫోన్, ఒక మైకు, ఆ మైకును అంతకుముందే నమ్మడం నేర్చుకున్న ఊరు కలిసి కాపాడాయి. ఆ నమ్మకం రోజూ సరిచూసుకోగా ఏర్పడింది.

2007 అక్టోబర్‌లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో భారత సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున ఉంచిన పీడన పరికరాలు, తీరం వెంట ఉన్న నీటిమట్టం కొలిచే పరికరాలు ఉపగ్రహాల ద్వారా అక్కడికి లెక్కలు పంపుతాయి. సముద్రమే లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని చూడటమన్నమాట! దివ్యదృష్టి అనే మాటకు ఇంతకంటే మంచి అర్థం నాకు తెలియదు.

ఇదంతా చెప్పి అసలు ప్రమాదం చెప్పకపోతే తప్పవుతుంది. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ ఒక హెచ్చరిక ఇచ్చింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, ఫోన్‌లో ఎనీడెస్క్ వంటి రిమోట్ యాప్ వేయించి, తెర మీద కనిపించే 9 అంకెల కోడ్ అడిగి, ఖాతాలు ఖాళీ చేస్తున్నారని. ఆ యాప్ చెడ్డది కాదు, నాలాంటివాళ్ళు రోజూ వాడే పనిముట్ల జాతిదే. మోసపోయినవాళ్ళూ తెలివితక్కువవాళ్ళు కారు. గంభీరమైన గొంతుతో అధికారికంగా మాట్లాడేవాణ్ణి ప్రశ్నించకూడదని చిన్నప్పటి నుంచీ ఇంట్లో, బడిలో, గుడిలో నేర్పాం. దొంగ ఆ పెంపకాన్నే వాడుకుంటున్నాడు.

నా పనిలో పాటించే పద్ధతి చాలా మామూలుది. అడిగినవాడు అడిగినవాడేనా అని మనమే తెలిసిన నంబరుకు తిరిగి ఫోన్ చేసి తేల్చుకోవాలి. పనికి సరిపడా అనుమతే ఇవ్వాలి. పనయ్యాక ఆ అనుమతి మూసేయాలి. ఏం జరిగిందో లాగ్‌లో చూడాలి. ఆయుధపూజ నాడు సర్వర్‌కు బొట్టు పెట్టి, ఏడాదంతా పాస్‌వర్డ్ మార్చని ఆఫీసులు నాకు తెలుసు. బొట్టు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పాస్‌వర్డ్ కూడా మార్చండి.

ఎక్కడి నుంచో మన ఇంట్లోకి చేయి చాపేవాడు యోగి అయినా, ఇంజనీరు అయినా, బ్యాంకు అధికారి అయినా ఒకే ప్రశ్న అడుగుదాం: నువ్వెవరో రుజువేమిటి, చేసినదానికి లెక్క ఎక్కడుంది? ఈ ప్రశ్న అడగడం మన పిల్లలకూ, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకూ ఈ వారమే నేర్పండి.