జబ్బు తగ్గిన ఇల్లు

మన దేశంలో పేరున్న మూడు క్యాన్సర్ ఆసుపత్రుల పుట్టుక వెనక మూడు ఇళ్ల దుఃఖం ఉంది. భార్య మెహెర్‌బాయి 1931లో రక్త క్యాన్సర్‌తో పోయాక దోరాబ్జీ టాటాకు కలిగిన తలంపు, ఆయన కూడా పోయిన చాలా ఏళ్లకు, 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి అయింది. తోబుట్టువు క్యాన్సర్‌తో చనిపోతుంటే చూసిన ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టి 1954లో మద్రాసు అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించారు. ఎన్టీఆర్ సతీమణి బసవతారకం 1985లో ఇదే జబ్బుతో కన్నుమూశారు. ఆమె పేరిట హైదరాబాద్ ఆసుపత్రి 2000లో మొదలైంది. ఈ మూడింటికీ పూనుకున్నది రోగి మంచం పక్కన కూర్చున్నవాళ్లే. కానీ ఏ ఆసుపత్రిలోనైనా ఆ మనిషిని పిలిచే పేరు ‘అటెండెంట్’. రక్తం తేవాలి, బిల్లు కట్టాలి, స్కాన్ రిపోర్టు కోసం వరసలో నిలబడాలి. నువ్వెలా ఉన్నావని ఆ మనిషిని అడిగే గది మాత్రం చాలాకాలం ఎక్కడా లేదు.

నిజానికి రోగిని అడిగే గది కూడా లేదు. ఎన్నాళ్లు బతికారన్నదే లెక్కగా క్యాన్సర్ వైద్యం తరాలు గడిపింది. బాల్టిమోర్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర్లో వ్యాప్తిలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసేవారు. చాలామందికి చెయ్యి వాచిపోయేది, భుజం పైకి లేచేది కాదు. ఆ చేత్తో ఆవిడ జడ ఎలా వేసుకుంటుంది, చంటిబిడ్డను ఎలా ఎత్తుకుంటుంది అన్నవి ఫలితాల పట్టికకు ఎక్కలేదు. అంత కోయనక్కర్లేదని బెర్నార్డ్ ఫిషర్ బృందం 1970, 80 దశకాల్లో పరీక్షలు చేసి తేల్చేదాకా అదే పద్ధతి రాజ్యమేలింది.

ఆ పట్టికలో కొత్త గడి గీసినవాడు డేవిడ్ కార్నోఫ్‌స్కీ. నైట్రోజన్ మస్టర్డ్ అనే తొలితరం కీమో మందు ఇచ్చిన రోగులను అంచనా వేయడానికి 1940ల చివర్లో ఆయన బృందం 100 నుంచి సున్నా దాకా ఒక కొలబద్ద తయారుచేసింది. 100 అంటే ఏ ఇబ్బందీ లేదు. 70 అంటే తన పనులు తాను చేసుకోగలడు కానీ ఉద్యోగం చేయలేడు. 50 అంటే మరొకరి సాయం బాగా కావాలి. సున్నా అంటే మరణం. గడ్డ ఎంత కరిగిందన్న దాంతోపాటు మనిషి లేచి తిరుగుతున్నాడా అని కూడా చూడడం అప్పటికి పెద్ద మార్పే. అయితే మార్కులు వేసేది డాక్టరు. 50 దగ్గర సాయం చేసే ఆ ‘మరొకరు’ ఎవరో, ఆవిడ కూలి పని ఏమైందో ఈ కొలబద్దకు అందదు. రోగే స్వయంగా జవాబులు రాసే 30 ప్రశ్నల పత్రం యూరప్‌లో వెలువడింది 1993లో. జబ్బు వల్ల ఇంటి జీవితం దెబ్బతిందా, డబ్బుకు ఇబ్బంది అయిందా అని కూడా అందులో అడిగారు. రోగి చేతికి కలం ఇవ్వడానికి 45 ఏళ్లు పట్టిందన్నమాట.

ఈలోగా రోగులు ఊరుకోలేదు. న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడకు 1952లో రొమ్ము తీసేశారు. ఏ వ్యాయామం చెయ్యాలి, లోపల ఏం పెట్టుకుని బట్టలు వేసుకోవాలి, భర్తతో ఎలా మెలగాలి అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. తానే తెలుసుకుని, అదే ఆపరేషన్ అయిన ఇతర స్త్రీల మంచాల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆవిడ సంచిలో ఉండేవి వ్యాయామానికి తాడు, బంతి, తాత్కాలికంగా పెట్టుకునే కృత్రిమ రొమ్ము. తమ రోగుల దగ్గరికి ఈవిడెవరు వెళ్లడానికి అని కొందరు సర్జన్లు మండిపడ్డారు. చివరికి 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఈ పనిని తన కార్యక్రమంగా తీసుకుంది. పెద్ద పేగు ఆపరేషన్ తర్వాత పొట్టకు సంచి తగిలించుకుని బతికేవాళ్లకూ, స్వరపేటిక పోగొట్టుకున్నవాళ్లకూ ఆ దశాబ్దాల్లోనే సంఘాలు పుట్టాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పరికరం లాసర్ సంచిలోని ఆ తాడే. దానికి పరిశోధన నిధులు అక్కర్లేకపోయింది, అదే బాధ పడ్డ ఇంకో మనిషి ఉంటే సరిపోయింది.

అసలు జబ్బు పేరే చెప్పని కాలమది. 1961లో డోనాల్డ్ ఓకెన్ షికాగో డాక్టర్లను అడిగితే 90 శాతం మంది క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మరో బృందం దాదాపు అదే ప్రశ్న వేస్తే 97 శాతం మంది చెప్పాలన్నారు. 18 ఏళ్లలో వైద్యుల మనసు తలకిందులైంది. పేరు చెబితే ఆ తర్వాత వచ్చే భయాన్ని కూడా పట్టించుకోవాలి కదా. 1977లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ అనే మనోవైద్యురాలు క్యాన్సర్ రోగుల కోసమే ఒక విభాగం నెలకొల్పారు.

మన ఇళ్లలో 1961 ఇంకా పూర్తిగా దాటలేదు. “నాన్నకి ఆ పేరు చెప్పకండి సార్, ఏదో గడ్డ అనండి” అని డాక్టరు గది గుమ్మం దగ్గర కొడుకు బతిమాలడం మామూలే. దీన్ని అమాయకత్వమని కొట్టిపారేయలేం. నాన్న గుండె ఆగిపోతుందేమోనన్న భయం ఒకటి, చెల్లెలి పెళ్లి మరొకటి. ‘ఆ ఇంట్లో ఆ జబ్బు ఉందట’ అన్న మాట సంబంధాలు చూసేవాళ్ల చెవిన పడకూడదు. దాంతో కీమోకు వెళ్లినప్పుడల్లా చుట్టాలకు ఏదో ఒక ఊరి పేరు చెప్పాలి. జుట్టు ఊడితే తిరుపతి మొక్కు అనాలి. వైద్యం అయిపోతుంది కానీ ఈ దాపరికం మోస్తున్నవాళ్లకు సెలవు ఉండదు.

ఇంతకీ వైద్యం ‘అయిపోవడం’ మొదట కనిపించింది పిల్లల్లో. 1948లో సిడ్నీ ఫార్బర్ మందులతో రక్త క్యాన్సర్ పిల్లలకు కొన్ని నెలల ఊరట దొరికింది. 1970లకు వచ్చేసరికి కొన్నిచోట్ల సగం మంది బతికి పెద్దవాళ్లవుతున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. తలకు కరెంటు (రేడియేషన్) పెట్టిన పిల్లలు చదువులో వెనకబడ్డారు, కొందరు ఎత్తు పెరగలేదు, కొన్ని మందులు గుండెను బలహీనపరిచాయి. పిల్లవాణ్ని బతికించడంతో పని తీరదని 1975లో జూలియో డాంజియో గట్టిగానే రాశారు. తర్వాత అమెరికాలో, 1970–86 మధ్య జబ్బు బయటపడి బతికిన పిల్లల్ని వేల సంఖ్యలో ఏళ్ల తరబడి గమనించారు. జబ్బు తేలిన 30 ఏళ్లకు వాళ్లలో 73 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక సమస్య ఉంటుందని 2006లో లెక్క తేలింది.

పెద్దల వైపు నుంచి ఈ మాట ఎత్తింది ఫిట్జ్‌హ్యూ ముల్లాన్ అనే డాక్టరు. 1975లో, 32 ఏళ్ల వయసులో, తన ఛాతీ ఎక్స్‌రేలో తానే గడ్డ చూసుకున్నాడు. పదేళ్ల తర్వాత న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో రోగి బతుకును మూడు కాలాలుగా చెప్పాడు: జబ్బు తేలి వైద్యం జరిగే కాలం, వైద్యం ఆగాక తిరగబెడుతుందేమోనని బెదురుతూ గడిపే కాలం, ఇక రాదులే అన్న నమ్మకం కుదిరి, మిగిలిన దెబ్బలతో జీవించే కాలం. డాక్టర్ల లెక్కలో మొదటిదే వైద్యం. మిగతా రెండూ రోగి సొంత తిప్పలు. 1986లో ముల్లాన్, మరికొందరు కలిసి ఆల్బుకర్కీలో ఒక జాతీయ సంఘం పెట్టారు. జబ్బు తేలిన రోజు నుంచే మనిషిని బతుకుతున్నవాడిగా చూడాలని వాళ్లు వాదించారు. అంతవరకూ అయిదేళ్లు గడిస్తేనే గెలిచినట్టు. 1996లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఇలా బతుకుతున్నవాళ్ల కోసం ప్రత్యేక కార్యాలయం తెరిచింది. కుటుంబ సభ్యులు, సేవ చేసేవాళ్లు కూడా ‘బతుకుతున్నవాళ్లు’ అన్న నిర్వచనంలోకి వచ్చారు. రోగి కన్నా భార్య లేక భర్త పడే కలత తక్కువేమీ కాదని మిషిగన్‌లో నర్సింగ్ ఆచార్యురాలు లారెల్ నార్త్‌హౌస్ పరిశోధనలు చూపాయి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే కార్యక్రమాన్ని ఆవిడే రూపొందించారు.

కుటుంబాన్ని అమెరికావాళ్లు వాదించి లోపలికి తెచ్చుకున్నారు. మనకు ఆ వాదన అవసరం రాలేదు, ఎందుకంటే ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని కుటుంబం ఎప్పుడూ ఉంది. అందుకే కాబోలు, దాన్ని ఎవరూ విడిగా లెక్కపెట్టలేదు.

అయినా మన దగ్గర జరిగిన పని తక్కువది కాదు. టాటా మెమోరియల్‌లో 1991లోనే డాక్టర్ పూర్ణా కుర్కురే చొరవతో, వైద్యం పూర్తయిన పిల్లల కోసం విడిగా క్లినిక్ మొదలైంది. అలా పెరిగినవాళ్లే 2009లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అండతో ‘ఉగమ్’ అనే బృందంగా ఏర్పడ్డారు. వైద్యం ఉచితంగా దొరికినా ఉండడానికి చోటులేక పిల్లవాణ్ని తీసుకుని ఊరికి వెళ్లిపోయే తల్లిదండ్రులను చూసి 2006లో ముంబయిలో సెయింట్ జూడ్స్ వసతి కేంద్రాలు పెట్టారు. కుటుంబానికి ఒక గది, వంటకు చోటు, ఆసుపత్రికి బండి. అవి హైదరాబాద్‌కూ వచ్చాయి. మందుతో సమానంగా ఆ గది పనిచేస్తుందని నా నమ్మకం.

మన రాష్ట్రాల్లో 2007 నాటి ఆరోగ్యశ్రీ ఆపరేషన్ బిల్లును తీర్చింది. పోయిన కూలి మాట? దానికి ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. పక్కనుండి చూసుకునే మనిషి కూలి ఇందులో లేదు. ఆ మనిషిని గుర్తించింది, విచిత్రంగా, రైల్వేశాఖ. వైద్యానికో, వైద్యం అయ్యాక చెకప్‌కో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపరు, థర్డ్ ఏసీల్లో టికెట్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ.

ఇక మిగిలింది బీమా, అప్పు. వైద్యం ముగిసి నిర్ణీత కాలం గడిచాక పాత క్యాన్సర్ సంగతి అప్పుకు సంబంధించిన బీమా కాగితాల్లో చెప్పనక్కర్లేదని 2016లో ఫ్రాన్స్ చట్టం చేసింది. 2022లో ఆ గడువును అయిదేళ్లకు దించింది. యూరప్‌లో మరికొన్ని దేశాలు ఆ దారి పట్టాయి. మన బీమా నియంత్రణ సంస్థ 2024లో, ముందునుంచి ఉన్న జబ్బులకు పాలసీ వర్తించడానికి ఆగాల్సిన గరిష్ఠ కాలాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. చెప్పాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. నాలుగేళ్ల వయసులో రక్త క్యాన్సర్ తగ్గి, ఇప్పుడు ముప్ఫైల్లో ఉన్నవాళ్లు కూడా ఇంటి అప్పుతో పాటు బీమా తీసుకోబోతే పాత జబ్బుల గడి నింపి సంతకం పెట్టాల్సిందే.