పగడం లేని ఒడ్డు

అక్కుపల్లి శివసాగర్ బీచ్‌లో అద్దాల మాస్క్ పెట్టుకుని తల ముంచితే కనబడేది ఇసకే. ఇక్కడ పగడపు దిబ్బల్లేవు. పగడానికి తేట నీరు కావాలి, ఎండ తగలాలి, పట్టుకోవడానికి గట్టి రాయి ఉండాలి. మన దగ్గరేమో వంశధార, మహేంద్రతనయ మోసుకొచ్చే ఒండ్రు, కుదురుండని ఇసక.

అయినా పగడాల కథలో సిక్కోలుకి వాటా ఉంది. అది బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట కోసం వలసెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో చేపల బేరం తెలుగులోనూ సాగుతుంది.

1983లో వండూర్ దగ్గర 15 దీవులతో, సుమారు 281 చదరపు కిలోమీటర్ల మేర మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు ఏర్పడింది. లోపల వేట కుదరదు. 2001లో పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి ఎక్కాయి. అంటే షోకేసులో పెట్టుకునే తెల్ల పగడపు ముక్కదీ పులిదీ చట్టం ముందు ఒకటే వరస! పర్యాటకుడికీ పగ్గాలున్నాయి. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల్ని వంతులవారీగా తెరుస్తారు, ఒకదానికి విశ్రాంతి. ప్లాస్టిక్ సంచితో పడవ ఎక్కనివ్వరు.

హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) రిసార్టుల మాట వేరు. పగడం మీద కాలు పెట్టొద్దని, సన్‌స్క్రీన్ చూసి పూసుకోమని చెప్పడం మంచిదే. కానీ నేనైతే బోర్డు కాదు, వాళ్ల మురుగు ఎటు పోతోందో చూస్తాను. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబోయాయి. ఆ వేడికి ఏ బోర్డూ అడ్డం నిలవలేదు. ఇంకో సంగతి: వేట మానమన్నప్పుడు జాలరి బతుకు ఏమవుతుందో కూడా లెక్కలోకి రావాలి. పగడం చూపించే పడవలో అతనికి సరంగు పనైనా దక్కాలి కదా.

ఇక్కడ పగడం లేదు గానీ, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. ఉద్దానం తీరంలో రేపు రిసార్టులు లేస్తే ముందు అడగాల్సింది దీపాల గురించే. ఇసకలోంచి బయటపడిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రుల్లో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది.