లాబిరింత్: పాత గీత, కొత్త నడక

అమెరికాలోనో యూరప్‌లోనో ఏదైనా క్రైస్తవ ధ్యానకేంద్రానికి రెండు రోజులు ఉందామని వెళ్తే, గుమ్మంలో ఎదురొచ్చినవాళ్లు చెప్పే సంగతులు ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. ఇదుగో మీ గది, భోజనం ఫలానా వేళకి, రాత్రి ఇన్నింటి తర్వాత మౌనం, వెనక తోట ఉంది, తోటలో లాబిరింత్ ఉంది. దారి తప్పుతామేమోనని కొత్తవాళ్లు జంకితే నవ్వుతారు. తప్పడానికి అక్కడ రెండో దారంటూ ఉండదు. నేలమీద రాళ్లతోనో ఇటుకలతోనో, గడ్డి కోసో తీర్చిన చుట్లబాట అది. ఒకటే ముఖద్వారం, ఒకటే దారి, నడిమధ్యన కాస్త ఖాళీ. వెళ్లిన దారినే వెనక్కి రావాలి. లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్‌లో ఉన్నట్టు, ఎత్తయిన కంచెల మధ్య తికమకపెట్టే చిక్కుతోటలది వేరే జాతి.

ఆ పలకరింపు, ఆ తోట, ఆ చుట్లబాట మూడూ ఒకే పాత మఠం నుంచి కలిసి వచ్చాయనిపిస్తుంది. కానీ వాటి వయసులు వేరు. చూడ్డానికి అన్నిటికన్నా పాతదిగా కనబడే లాబిరింత్ నడకే వీటిలో అన్నిటికన్నా చిన్నది.

పలకరింపు నిజంగానే పాతది. ఇటలీలో మోంతే కాసినో మఠాన్ని పెట్టిన బెనెడిక్ట్ 6వ శతాబ్దిలో సన్యాసుల కోసం రాసిన నియమావళిలో 53వ అధ్యాయం మొత్తం అతిథుల గురించే. వచ్చినవాణ్ణి సాక్షాత్తూ క్రీస్తే వచ్చాడనుకుని చేర్చుకోమన్నాడు. మఠాధిపతే చేతులకి నీళ్లు పోయాలి, కాళ్లు కడగాలి. మనకి ఇదేమంత వింత కాదు. అయితే బెనెడిక్ట్ అక్కడితో ఆగలేదు. అతిథులు వేళాపాళా లేకుండా దిగుతారు కాబట్టి వాళ్లకీ మఠాధిపతికీ వంటశాల విడిగా ఉండాలన్నాడు, లేకపోతే మిగతా సన్యాసుల దినచర్య చెడుతుందని. గేటు దగ్గర ఎవరుండాలో కూడా 66వ అధ్యాయంలో చెప్పాడు: వయసు మళ్లిన, వివేకం గల మనిషి, అటూ ఇటూ తిరిగే కాలు కానివాడు. ఆతిథ్యం మనసుంటే చాలదు, ఏర్పాటు ఉండాలని ఆయనకి బాగా తెలుసు. ధ్యానకేంద్రాల్లో ఇవాళ కనబడే మర్యాదలో సగం ఆ ముందుచూపే.

తోట విషయానికొస్తే, స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ గ్రంథాలయంలో 9వ శతాబ్ది తొలినాళ్ల నాటి ఒక మఠం నమూనా చిత్రం ఉంది. తోలు ముక్కలు కుట్టి, వాటిమీద ఎర్రసిరాతో గీశారు. గీసినది గీసినట్టు ఆ మఠాన్ని అప్పట్లో ఎక్కడా కట్టలేదు. కానీ అప్పటివాళ్లకి మఠమంటే ఏమేం ఉండాలో అందులో పూసగుచ్చినట్టు కనబడుతుంది. గొప్పింటి అతిథులకి ఒక ఇల్లు, బీదలకీ యాత్రికులకీ ఇంకొకటి (క్రీస్తు అందరిలోనూ ఉన్నా పడకలు మాత్రం వేరే). కూరగాయలకి 18 మళ్లు. వైద్యుడి ఇంటి పక్కనే మూలికలకి 16 మళ్లు, ఒక్కో మడిమీదా ఆ మొక్క పేరు. చదువుతూ పోతే జీలకర్ర, మెంతులు, సోంపు తగులుతాయి. సగం మన పోపులపెట్టే. పళ్లతోటే శ్మశానం కూడా, చెట్లకీ చెట్లకీ మధ్య సమాధులు. ఇంత వివరంగా గీసినవాళ్లు లాబిరింత్ అన్నదాన్ని మాత్రం ఎక్కడా గీయలేదు. తోటలో దానికి పని ఉందని అప్పటికి వాళ్లకి తోచలేదు.

అలాగని ఆ గీత అప్పటికి లేదని కాదు. గ్రీసులోని పైలోస్ రాజప్రాసాదంలో దొరికిన ఒక మట్టిపలక క్రీ.పూ. 1200 ప్రాంతానిది. ఒకవైపు మేకల పద్దు: ఎవరెవరు మేకని తెచ్చి అప్పజెప్పారో వాళ్ల పేర్లు. రెండోవైపు ఏడు చుట్ల చతురస్రపు లాబిరింత్. మేకల లెక్క రాసి విసుగెత్తిన గుమాస్తా ఊసుపోక గీసి ఉంటాడని నా అనుమానం. తర్వాత ప్రాసాదం తగలబడింది, ఆ మంటలోనే పచ్చిపలక కాలి గట్టిపడి మనదాకా వచ్చింది. అదే ఏడు చుట్ల గీత క్రీట్ దీవిలోని నొస్సోస్ నాణేలమీదా, స్వీడన్ సముద్రతీరాల్లో జాలర్లు పేర్చిన రాళ్లలోనూ, తమిళనాడులోనూ కనబడుతుంది. హళేబీడు హొయసళేశ్వరాలయం గోడమీద అభిమన్యుడు చొచ్చుకుపోతున్న వ్యూహాన్ని శిల్పి చుట్లు చుట్లుగానే చెక్కాడు. మన ఊహలో పద్మవ్యూహమంటే లోపలికి వెళ్లడమే కానీ బయటపడటం లేని చోటు. అలాంటి ఆకారంలోనే మరోచోట మనశ్శాంతికి నడుస్తున్నారంటే తెలుగువాడికి మొదట కాస్త చిత్రంగానే ఉంటుంది.

చర్చిల్లోకి ఇది తొందరగానే వచ్చింది. అల్జీరియాలో 4వ శతాబ్దిలో కట్టిన ఒక చర్చి నేలమీద చిన్న లాబిరింత్ ఉండేది, దాని మధ్యలో అక్షరాల ఆట. ఇటలీలోని లూకాలో అది చర్చి వసారా స్తంభంమీద ఉంది, వేలితో రాస్తూ తిరగడానికి. కానీ అందరూ నకలు తీసేది మాత్రం ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథెడ్రల్‌లో 13వ శతాబ్ది తొలినాళ్లలో పరిచినదాన్నే. అడ్డం సుమారు 12.9 మీటర్లు, 11 చుట్లు, మధ్యలో ఆరు రేకుల పువ్వు, నడిచే దారి 260 మీటర్ల పైచిలుకు. బాట వెడల్పు 34 సెంటీమీటర్లే. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు పక్కకి ఒదగాల్సిందే.

గీసినవాడి తెలివి నడిస్తేనే తెలుస్తుంది. అడుగుపెట్టిన కాసేపటికే దారి మిమ్మల్ని పువ్వు అంచుదాకా తీసుకుపోతుంది. అయిపోయిందనుకునే లోపు పక్కకి తిప్పేసి, పావు చుట్టూ అరచుట్టూ తిప్పుతూ మెల్లమెల్లగా బయటికి నెట్టుకొస్తుంది. చిట్టచివర అన్నిటికన్నా బయటి చుట్టులో నిలబెడుతుంది. ఇంకెంత ఉందోనని అనుకుంటూండగా అక్కడినుంచి నాలుగైదు మలుపుల్లో చకచకా మధ్యలోకి దింపేస్తుంది.

యెరూషలేము వెళ్లలేని మధ్యయుగపు భక్తులు దీనిమీద నడిచి యాత్రాఫలం పొందేవాళ్లని ఎన్నో కేంద్రాల కరపత్రాల్లో ఉంటుంది. వినడానికి బాగుంటుంది కానీ ఆ కాలపు ఆధారమేదీ లేదు. ఆ కాలం నుంచి నిజంగా మిగిలిన కబురు ఫ్రాన్స్‌లోనే ఉన్న ఒసెర్ చర్చిది. అక్కడ ఈస్టర్‌నాడు పూజారులు లాబిరింత్ మీద పాడుతూ గెంతుతూ బంతి విసురుకునేవాళ్లు. 1538లో ఆ ఆట మాన్పించారు. రెన్స్ కెథెడ్రల్‌లోనైతే పిల్లలు దానిమీద పరిగెత్తి అల్లరి చేస్తున్నారని 1770ల చివర్లో ఏకంగా పెళ్లగించేశారు. అమియెన్స్‌లోదాన్ని 19వ శతాబ్ది మొదట్లో తీసేసి, ఆ శతాబ్ది చివర్లో మళ్లీ పరిచారు. షార్త్ర్‌ది మిగిలింది గానీ మధ్యనున్న లోహపు రేకు ఫ్రెంచి విప్లవకాలంలో, 1792లో, ఫిరంగులకోసం కరిగిపోయింది. దాన్ని బిగించిన మేకుల మొనలు రాతిలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత జనం దానిమీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

ఆ కుర్చీలు జరిపినవాళ్లలో లారెన్ ఆర్‌ట్రెస్ ఒకరు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథెడ్రల్‌లో మతాచార్యురాలు, మానసిక చికిత్సకురాలు కూడా. 1991లో కొందరు సహచరులతో షార్త్ర్ వెళ్లి, కుర్చీలు తామే పక్కకి లాగి నడిచారు. తిరిగొచ్చాక అదే కొలతల్లో పెద్ద కాన్వాస్ గుడ్డమీద గీయించి, ఆ ఏడాది డిసెంబర్ చివర్లో చర్చిలో పరిచారు. జనం బారులు తీరారు. ఈ కథలో అసలు మలుపు ఆ గుడ్డే అని నేనంటాను. రాతినేలని ఎవరూ మోసుకెళ్లలేరు. గుడ్డని చుట్టి ఏ హాల్లోనైనా పరవచ్చు, నచ్చితే ఆనక తోటలో రాళ్లతో వేసుకోవచ్చు. 1995లో గ్రేస్ కెథెడ్రల్ ఆవరణలో ఆరుబయట శాశ్వతంగా ఒకటి వేశారు; బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లు ఎప్పుడైనా వెళ్లి నడవచ్చు. అక్కణ్ణుంచి ధ్యానకేంద్రాలకీ ఆసుపత్రి తోటలకీ పాకింది.

లోపలికి నడుస్తూ బరువు దించుకోవడం, మధ్యలో నిలిచి అందుకోవడం, దానితో తిరిగి రావడం అనే మూడంచెల వివరణ కూడా ఆర్‌ట్రెస్ ప్రచారంలో పెట్టిందే. అయితే మంచి కేంద్రాల్లో అతిథికి అదంతా బోధించరు. మీ వేగం మీది, ముందువాళ్లని దాటిపోవచ్చు, చెప్పులు మీ ఇష్టం, మధ్యలో ఎంతసేపైనా కూర్చోండి, అంటారంతే. నడవలేనివాళ్లకి లూకా పద్ధతిలో చెక్కపలక చేతికిస్తారు. గేటు దగ్గర మనిషి విషయంలో బెనెడిక్ట్ చూపిన జాగ్రత్త లాంటిదే ఇదీ.

అమెరికాలో పుట్టిన ఈ అలవాటు చివరికి షార్త్ర్‌కీ చేరింది. ఇప్పుడక్కడ ఈస్టర్ ముందరి ఉపవాసదినాల నుంచి నవంబర్ మొదటిదాకా సాధారణంగా శుక్రవారాల్లో కుర్చీలు తీసేస్తున్నారు. పారిస్ నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మిగతా రోజుల్లో వెళ్తే కుర్చీల కాళ్ల సందుల్లోంచి చుట్లు వెతుక్కోవాలి.