స్టువర్టుపురం: ఆ పేరు ఎవరిది?

"మాది బాపట్ల దగ్గర సార్" అని ఆగిపోయాడు మా క్లాసులో ఓ ఎరుకల విద్యార్థి. ఊరి పేరు చెప్పలేదు. నాకు అర్థమైంది. స్టువర్టుపురం.

మిత్రులారా, ఎవరీ స్టువర్టు? 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలు నడిపి మన కులాల్ని పద్దులకెక్కించిన దొర, హెరాల్డ్ స్టువర్ట్. తర్వాత పోలీసు పెద్ద. థగ్గీ, డెకాయిటీ శాఖను ఎత్తేసి 1904లో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన నేర గూఢచార శాఖకు తొలి డైరెక్టరు. 1906లో మద్రాసు రాజధానికీ సొంత సీఐడీ వచ్చింది.

సీఐడీ అంటే మనకు జాతీయ నాయకుల వెంటపడ్డ మఫ్టీ పోలీసులే గుర్తొస్తారు. నాయకుల మీద నిఘా వాళ్లు చేసిన పనికి. ఎరుకలవాళ్ల మీద నిఘా వాళ్ల పుట్టుకకి. 1911 నేరస్థ తెగల చట్టం పేర్లను రిజిస్టరుకెక్కించింది, వేలిముద్రలు తీసుకుంది, పోలీసుల ముందు హాజరు వేయించింది. ఆ చట్టం కిందే సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచిన సెటిల్‌మెంటు స్టువర్టుపురం.

చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. అనుమానం రద్దు కాలేదు. ఆ పిల్లాడి నోట ఆగిపోయిన మాటే సాక్ష్యం.

తమ్ముడూ, ఊరి పేరు గట్టిగా చెప్పు. సిగ్గు ఆ పేరు పెట్టినవాళ్లది.

జై భీమ్.