బందరు పట్టణ పాలన: షాబందరు నాటి నుండి పురపాలక సంఘం వరకు

పారశీక భాషలో ‘బందర్’ అనగా ఓడరేవు. మచిలీపట్నాన్ని తెలుగువారు నేటికీ ‘బందరు’ అనే వ్యవహరిస్తారు. రేవు పేరే ఊరి పేరుగా స్థిరపడిన ఈ పట్టణంలో రేవును ఎవరు పాలించారు, ఊరిని ఎవరు పాలించారు అనే ప్రశ్న నాలుగు శతాబ్దాలుగా నలుగుతూ వచ్చింది. రేవు వల్ల ఆదాయం ఉన్నది గనుక దానికి ఎల్లప్పుడూ యజమాని ఉన్నాడు. ఊరి బావులకు, వీధులకు, మురుగు కాలువలకు బాధ్యుడెవరనేది మాత్రం చాలాకాలం తేలలేదు.

కుతుబ్‌షాహీల కాలం

గోల్కొండ సుల్తానుల పాలనలో బందరు ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవుగా వర్ధిల్లింది. ఇరానీ, అరబ్బు వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. ఎర్రసముద్రపు రేవులకు వెళ్ళే ఓడలలో కలంకారీ వస్త్రాలతో పాటు హజ్ యాత్రికులూ ప్రయాణించేవారు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇక్కడికి వచ్చి వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు.

పట్టణంపై సుల్తాను తరఫున హవల్దారు అధికారం చెలాయించేవాడు. ఓడల రాకపోకలు, సరుకుల సుంకాలు షాబందరు చూసేవాడు. ఈ పదవులు చాలావరకు ఇజారా పద్ధతిపై నడిచేవి. అనగా ఎవరు ఎక్కువ మొత్తం చెల్లిస్తానని ఒప్పుకుంటే వారికే పట్టణం గుత్తకు దక్కేది. గుత్తదారు గోల్కొండకు చెల్లించవలసిన సొమ్ము ముందే నిశ్చయమై ఉండేది. దానికి మించి వసూలైనది అతని లాభం, తగ్గినది అతని ప్రాణగండం.

ఈ పద్ధతిని కళ్ళారా చూసినవాడు విలియం మెత్‌వోల్డ్. ఇతడు 1618 నుండి 1622 వరకు బందరులోని ఆంగ్ల వర్తక స్థావరంలో ఉన్నాడు. అతని గోల్కొండ వృత్తాంతం 1626లో అచ్చయింది. గుత్త సొమ్ము పూర్తిగా చెల్లించలేకపోయినందుకు బందరు గవర్నరొకరిని 1614లో బెత్తాలతో కొట్టగా అతడు మరణించాడని అందులో ఉన్నది. పాలకుడికే ఈ గతి పట్టే చోట, ఆ సొమ్ము సమకూర్చవలసిన నేతగాడి మీద, అద్దకపువాడి మీద ఎంత ఒత్తిడి ఉండేదో ఊహించడం కష్టం కాదు.

పట్టణ స్థితిని గురించి కూడా మెత్‌వోల్డ్ వ్రాశాడు. ఊరు చిన్నదే అయినా జనం మెండు, చుట్టూ ప్రాకారం లేదు, ఇండ్లు నాసిరకం, ఊరిలోని ఊటలన్నీ ఉప్పునీరు, సముద్రం పోటెత్తినప్పుడు చుట్టుప్రక్కల నేల మునిగిపోతుంది. ఇంత ఆదాయమిచ్చే పట్టణానికి మంచినీరు లేదు, రక్షణగా గోడ లేదు.

ఇమామ్ మావర్దీ చెప్పిన సూత్రం

నీరు, గోడ అనే ఈ రెండు విషయాలనే ఇస్లామీయ పాలనాశాస్త్రం అయిదు శతాబ్దాలకు పైగా పూర్వమే ఉదాహరణగా తీసుకొని చర్చించింది. బాగ్దాదుకు చెందిన ఇమామ్ అబుల్ హసన్ మావర్దీ (రహ్మ) హి.శ. 450 (క్రీ.శ. 1058)లో మరణించారు. ‘అల్ అహ్‌కాముస్ సుల్తానియ్యా’ గ్రంథంలోని హిస్బా ప్రకరణంలో ఆయన ఈ సమస్యను ఎత్తుకున్నారు. ఒక పట్టణంలో త్రాగునీరు ఆగిపోయినా, ప్రాకారం కూలిపోయినా ముహ్‌తసిబ్ ఏమి చేయాలి? బైతుల్‌మాల్‌లో ధనముంటే ఆ ధనంతోనే మరమ్మతు జరగాలి. ప్రజలపై భారం వేయరాదు. బైతుల్‌మాల్ ఖాళీగా ఉంటే ఆ బాధ్యత ఊరిలోని స్తోమతు గలవారందరిపై పడుతుంది.

ఈ సూత్రంలో క్రమం ముఖ్యమైనది. మొదట ప్రభుత్వ ఖజానా, ఆ తరువాతే పౌరుడు. పౌరులలోనూ భారం స్తోమతు గలవానిదే. గోల్కొండ ఇజారా విధానం ఈ క్రమాన్ని తలక్రిందులు చేసింది. పట్టణపు సొమ్ము ఖజానాకు చేరింది. ఊరి అవసరాలకు తిరిగి రావాలనే నియమమేదీ గుత్తలో లేదు. పైగా 1632 నాటి బంగారు ఫర్మానా ద్వారా ఆంగ్లేయులు ఏడాదికి 500 పగోడాల సుంకంతో గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకునే హక్కు పొందారు. అందరికన్నా స్తోమతు గలవారి భారానికి హద్దు ఏర్పడింది. సామాన్యుని భారానికి అటువంటి హద్దు లేదు. పాలకులు ముస్లిములైనంత మాత్రాన పాలన ఇస్లామీయ సూత్రాల ననుసరించిందని భావించరాదని బందరు చరిత్ర తెలియజేస్తున్నది.

ఉప్పెన, ఆ పిమ్మట

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1750లో బందరు ఫ్రెంచివారికి దక్కింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ కోటను పట్టుకోవడంతో ఆంగ్లేయుల పాలన మొదలైంది. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు బందరే ముఖ్యపట్టణమైంది. ఇన్ని చేతులు మారినా పట్టణానికి తనదంటూ ఒక పాలక సంస్థ లేదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో పాటు సముద్రం పట్టణం మీదికి వచ్చింది. బందరు పరిసరాలలో సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. మెత్‌వోల్డ్ చూసిన పోటు నీరే మరింత భయంకర రూపంలో తిరిగి వచ్చింది.

మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం చేసింది. దాని క్రింద 1866లో బందరు పురపాలక సంఘం ఏర్పడింది. అయితే సభ్యులు ప్రభుత్వం నియమించినవారే. ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్లపై పన్ను వంటివి పట్టణవాసులే చెల్లించాలి. పోలీసు ఖర్చులో భాగం కూడా వారే భరించాలి. అనగా పన్ను వేయడం ముందు వచ్చింది, పన్ను కట్టేవాని మాట వినడం తరువాత వచ్చింది. 1882 నాటి రిప్పన్ తీర్మానం, 1884 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం ఎన్నికల పరిధిని విస్తరింపజేశాయి. అప్పటికీ ఓటు కొద్దిమంది పన్ను చెల్లింపుదారులదే. స్వాతంత్ర్యానంతరం ఓటు వయోజనులందరిదీ అయింది. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అయిదేండ్ల కాలపరిమితిని, స్త్రీలకు మూడింట ఒక వంతు స్థానాలను నిర్దేశించింది. 2015లో బందరు నగరపాలక సంస్థగా మారింది. 2021 మార్చిలో దాని 50 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి.

రేవు ఒకరిది, ఊరు ఒకరిది

ఒక్క విషయంలో పాత ఏర్పాటు మారలేదు. షాబందరు నాడు సుల్తానుకు జవాబుదారీగా ఉండేవాడు. నేటి రేవు కూడా నగర సభ చేతిలో లేదు, రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. ఒండ్రు మేటలు వేసి, ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయవలసి వచ్చినందున బందరు రేవు క్షీణించింది. కాకినాడ, విశాఖపట్నం ముందుకు వచ్చాయి. 2023 మే నెలలో క్రొత్త రేవు నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. రేవు వల్ల వచ్చే జనాభా, లారీలు, మురుగునీరు మాత్రం నగరపాలక సంస్థ వంతుకే వస్తాయి. రేవు ఆదాయంలో ఊరికి న్యాయమైన వాటా ఉండాలనే ప్రశ్న హవల్దార్ల కాలంలో ఎంత సమంజసమో నేడూ అంతే సమంజసం.

అయితే ఒక గొప్ప తేడా ఉన్నది. నాటి నేతగాడికి హవల్దారును ప్రశ్నించే మార్గం లేదు. నేటి పౌరునికి ఓటున్నది, డివిజన్ సభ్యుడున్నాడు, పద్దులు అడిగే హక్కున్నది. ఈ హక్కును వాడుకోని వీధిలో బావి ఉప్పుగానే ఉంటుంది. మావర్దీ (రహ్మ) సూత్రానికి రెండు అంచులున్నాయి: ఖజానాలో ధనముండి ఊరికి ఖర్చు చేయని పాలకుడు అమానతును భంగపరచినట్లే; ఖజానా ఖాళీ అయినప్పుడు స్తోమతు ఉండీ తన వంతు ఎగవేసిన గృహస్థుడు కూడా అదే తప్పు చేసినట్లు. బందరు తన పాలకులను తానే ఎన్నుకుంటున్న ఈ కాలంలో ఈ రెండవ అంచును మరచిపోవడానికి వీలులేదు.